రేగడిలో రాయైపోయిన డీఏపీ

ఎడిటర్ గారికి,

నమస్కారం. డీఏపీ ఎరువు కొరత మీద మీ వ్యవసాయం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. కొట్ల ముందు బారులు, ఆధార్ కార్డు చూసి లెక్కపెట్టి ఇవ్వడం, ఒక కట్ట (బస్తా) కావాలంటే ఇంకేదో సీసా అంటగట్టడం, అంతా ఉన్నదున్నట్టే రాశారు, అందులో నేను దిద్దేదేమీ లేదు. కానీ ఆఖర్లో ఒక ముక్క వేశారు చూడండి, డీఏపీ దొరకనివాళ్లు రాక్ ఫాస్ఫేట్ పొడి వేసుకోవచ్చు, అదీ భాస్వరమే, పైగా చవక అని. ఆ ముక్క చదివి మా ఊళ్లో ఇద్దరు అప్పుడే ఆ పొడి ఎక్కడ దొరుకుతుందా అని ఫోన్లు చేస్తున్నారు. మాది నాగులుప్పలపాడు మండలం, నల్లరేగడి. ఆ పొడి నేను మూడేళ్ల కిందటే కొని, చల్లి, చేతులు కాల్చుకున్నవాణ్ణి, అందుకని ఊరుకోలేక రాస్తున్నాను.

జరిగింది చెబుతాను. ఒకాయన ఆటో ట్రాలీలో బస్తాలు వేసుకుని ఊళ్లోకి వచ్చాడు. డీఏపీలో సగం ధర, రసాయనం కాదు, భూమిలోంచి తవ్వి తీసిన రాయి, మెత్తగా పొడి కొట్టాం అన్నాడు. ఆ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు, అదే వచ్చిన చిక్కు. రెండెకరాల మొక్కజొన్నకి దుక్కిలో అదే వేశాను, డీఏపీ మానేశాను. ఇరవై రోజుల మొక్క అయ్యేసరికి కింది ఆకుల అంచులు ఊదారంగుకి తిరిగాయి, మొదట అంచు, తర్వాత కాడ, పైరు మోకాలెత్తు రావాల్సిన టైముకి జానెడు దాటలేదు. పక్క చేలో మా తమ్ముడి మొక్కజొన్న నన్ను చూసి నవ్వుతున్నట్టుండేది. అమ్మినాయనకి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. చివరికి అప్పు చేసి డీఏపీ తెచ్చి పైపాటుగా వేసుకున్నాను గానీ, భాస్వరం వేయాల్సింది దుక్కిలో, విత్తనం పక్కన. పైపైన చల్లితే అది ఉన్నచోటే ఉంటుంది, వేరుదాకా దిగదు.

ఆ సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చాడు, బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకున్నవాడు. మిగిలిపోయిన బస్తా చూపించి, ఒరే ఇది కల్తీ పొడి కదా, ఎవరి మీద కేసు పెట్టమంటావు అన్నాను. వాడు బస్తా వైపు కూడా చూడలేదు. "మావయ్యా, ముందు ఒక నిమ్మకాయ తీసుకుని పొలానికి పద" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సరే అని వెళ్లాం. చేలో ఒక మట్టిగడ్డ తీసి, అందులో తెల్లతెల్లగా ఉండే సున్నపు గుళ్లు ఉంటాయే, ఉన్నచోట నిమ్మకాయ కోసి పిండాడు. బుసబుసమని నురగ వచ్చింది, గోలీసోడా కొట్టినట్టు. "చూశావా, నీ నేలలో సున్నం ఎంతుందో. ఆ రాతి పొడి కరగాలంటే పులుపు కావాలి. నీ మట్టిలో ఏ పులుపు పుట్టినా ముందు ఈ సున్నమే తాగేస్తుంది. ఇంక ఆ రాయికి మిగిలేదేంటి?" అన్నాడు. పొడి అసలుదే. నేల దానికి సరిపడింది కాదు.

ఇది అర్థం కావాలంటే ఆ రాయేంటో తెలియాలి. రాక్ ఫాస్ఫేట్ అంటే కాల్షియం, భాస్వరం కలిసి బిగుసుకుపోయిన రాయి, అపటైట్ అంటారు. మన దేశంలో పెద్ద గని రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర ఝామర్‌కోట్రాలో ఉంది, అది చాలక మొరాకో, జోర్డాన్ లాంటి చోట్ల నుంచి ఓడల్లో తెప్పించుకుంటున్నాం. ఆ రాయి వట్టి నీళ్లలో కరగనట్టే. ఆమ్లం తగిలితేనే విడుతుంది. ఆ ఆమ్లాన్ని ఫ్యాక్టరీలో పోస్తే సూపర్ ఫాస్ఫేట్ అవుతుంది. ఇంగ్లాండులో జాన్ బెన్నెట్ లాస్ అనే ఆయన 1842లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు, గంధకామ్లం పోసి. మన దేశంలో మొదటి సూపర్ ఫాస్ఫేట్ ఫ్యాక్టరీ మనకి దగ్గర్లోనే, తమిళనాడు రాణిపేటలో, 1906లో పెట్టారు. డీఏపీ కూడా మొదట్లో ఆ రాయే, ఆమ్లంతో విడగొట్టి తర్వాత అమ్మోనియా కలుపుతారు. అంటే మనం కట్టకి 1350 రూపాయలు పోస్తున్నది భాస్వరానికి ఎంతో, దాన్ని రాయిలోంచి విడగొట్టిన పులుపుకీ అంతే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఆ పులుపు కొన్ని పంటల వేళ్లే తయారు చేసుకుంటాయి. మా జిల్లా రైతుకి ఇది కొత్త విషయం కాకూడదు, ఎందుకంటే శనగ చేలో తెల్లారుజామున నడిచినవాడికి ఎవరికైనా కాళ్లు మండిన అనుభవం ఉంటుంది. ఆకు నోట్లో వేసుకుంటే పుల్లగా ఉంటుంది. మా నాయనమ్మ రాత్రిపూట శనగ చేను మీద తెల్లగుడ్డ పరిచి, పొద్దున మంచుతో తడిసిన ఆ గుడ్డని పిండి, ఆ పులుపు నీళ్లు సీసాలో దాచేది, అజీర్తికి చెంచాడు పట్టేది. నాకూ పట్టింది, ఆ రుచి ఇంకా గుర్తుంది. అది మాలిక్ ఆమ్లం, ఆకు మీది నూగులోంచి ఊరేది. వేరు కూడా ఊరుకోదు, అది సిట్రిక్, మలోనిక్ అనే ఆమ్లాలు మట్టిలోకి వదులుతుంది. సిట్రిక్ అంటే నిమ్మకాయలో ఉండేదే. మా మేనల్లుడు నిమ్మకాయ పిండినట్టే వేరు కూడా పిండుతుంది, కాకపోతే తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మట్టిలోనే. చేనంతా పుల్లబెట్టడం దాని వల్ల కాదు, దానికి అవసరమూ లేదు. తను తాగే చోట తను కరిగించుకుంటే చాలు.

ఇంకో కిటుకు కూడా ఉంది. శనగ, కంది, మినుము లాంటి పప్పుజాతి పంటలు నత్రజనిని వేరు బుడిపెల్లో ఉన్న బ్యాక్టీరియా చేత గాలిలోంచి పట్టించుకుంటాయి కదా. (మొక్కని మెల్లగా పెకిలించి ఆ బుడిపెని గోటితో చిదమండి, లోపల ఎర్రగా ఉంటే పని చేస్తున్నట్టు, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే దండగ.) మట్టిలోంచి నైట్రేట్ తక్కువ తీసుకుని, కాల్షియం, పొటాష్, మెగ్నీషియం మాత్రం బాగా లాగే పంట, ఆ లెక్క సరిపెట్టుకోవడానికి వేరులోంచి ఆమ్లాన్ని బయటికి నెడుతుంది. పైగా కాల్షియాన్ని లాగేసుకోవడమే ఒక సాయం. రాయిలో భాస్వరాన్ని పట్టుకుని కూర్చున్నది కాల్షియమే కాబట్టి, దాన్ని ఒకవైపు నుంచి తోడేస్తుంటే రెండోవైపు రాయి కరుగుతూ ఉంటుంది. వరి, మొక్కజొన్న లాంటి గడ్డిజాతి పంటలు కాల్షియం అంతగా తాగవు. నా మొక్కజొన్న ఎందుకు చతికిలబడిందో ఇప్పుడు తెలిసింది గదా, పంట కూడా తప్పే.

కంది సంగతి వేరు. దాని గురించి పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థలో జపాన్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని 1990లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఎర్రనేలల్లో భాస్వరం ఎక్కువగా ఇనుముతో ముడిపడి ఉంటుంది. కంది వేరు పిసిడిక్ ఆమ్లం అనే దాన్ని వదిలి, ఆ ఇనుముని తను పట్టుకుని భాస్వరాన్ని విడిపిస్తుందని వాళ్లు తేల్చారు. మిగతా పంటలకి అందని భాస్వరం కందికి అందుతోంది. కనిగిరి, పొదిలి వైపు ఎర్ర మెట్టల్లో ఏమీ వేయకపోయినా కంది ఎందుకు నిలబడుతుందో మన పెద్దవాళ్లకి తెలియదు గానీ, నిలబడుతుందని తెలుసు. జొన్నలోనో సజ్జలోనో కంది సాళ్లు వేసేవాళ్లు, కంది రాల్చిన ఆకు అక్కడే మగ్గి మరుసటి పంటకి పనికొచ్చేది. అయితే ఆ కిటుకు ఇనుము దగ్గరే, మా సున్నపు రేగడిలో కందికి అంత గొప్ప లేదు, ఇక్కడ శనగదే పైచేయి. ఏ నేలకి ఏ పంటో ఇన్ని వందల ఏళ్లలో దానంతటదే కుదురుకున్నట్టుంది. మనం దాన్ని పొగాకుతో చెడగొట్టుకుని మళ్లీ శనగకొచ్చాం.

మా మేనల్లుడు ఇంకో మాటన్నాడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "రాక్ ఫాస్ఫేట్ కొనడం ఎందుకు మావయ్యా, నీ చేలో నువ్వే తయారు చేసిపెట్టావుగా" అన్నాడు. అదేందిరా అంటే, కాగితం పెన్ను తెమ్మన్నాడు. డీఏపీ కట్ట 50 కిలోలు, అందులో భాస్వరం, బస్తా మీద రాసే P2O5 లెక్కలో, నూటికి 46 పాళ్లు, అంటే 23 కిలోలు. ఎకరానికి ఎనిమిది క్వింటాళ్ల శనగలు పండితే ఆ గింజల్లో పోయే భాస్వరం అదే లెక్కలో ఐదారు కిలోలు. పొట్టూ కట్టే కూడా పశువులకి తోలేశాం అనుకుని, ఇంకా ఉదారంగా పదే అనుకుందాం. మిగతా 13 కిలోలు ఎటుపోయాయి? యూరియాలా గాలికిపోవు, నీళ్లతో కిందికి దిగవు. మట్టిలో ఉన్న కాల్షియం వాటిని పట్టేసుకుంటుంది, ముందు కాస్త కరిగే రకంగా, ఏళ్లు గడిచేకొద్దీ గట్టి రకంగా, చివరికి గనిలో ఉండే ఆ రాయి జాతిలోకే చేరిపోతుంది. పాతికేళ్లుగా ఏటా కట్ట వేస్తున్నాను. వానకి మట్టితో కొట్టుకుపోయింది తీసేసినా, నా ఎకరంలో పది కట్టల భాస్వరానికి తక్కువ పడి ఉండదు. మొరాకో నుంచి ఓడలో వచ్చి, ఫ్యాక్టరీలో ఆమ్లం తాగి, బారులో నిలబడి నేను తెచ్చుకున్న డీఏపీ, నా రేగడిలో మళ్లీ రాయై కూర్చుంది. ఇది నా పొలం లెక్క. మీ పొలంలో దిగుబడి, కట్టలు వేరైతే లెక్క వేరే వస్తుంది, కానీ కట్టలు దండిగా వేసిన రేగడి రైతు ఎవరు వేసుకున్నా ఏదో ఒకటి మిగలకపోదు.

ఆ రాయిని కరిగించేది శనగ మొక్క వేరు. అయితే దానికి ఒక షరతుంది. వేరు ఆ పులుపు ఊరికే వదలదు, ఆకు చేసిన చక్కెర ఖర్చు పెట్టి వదులుతుంది. పక్కనే డీఏపీ గుళికలు కరిగి సిద్ధంగా ఉంటే, ఆ శ్రమ ఎందుకు పడుతుంది? కడుపు నిండినవాడు పనికి పోతాడా? వేళ్లని అంటిపెట్టుకుని దూరం నుంచి భాస్వరం మోసుకొచ్చే సన్నని బూజు దారాలు ఉంటాయి, మైకోరైజా అంటారు, భాస్వరం దండిగా ఉన్నచోట మొక్క వాటినీ దగ్గరికి రానివ్వదు. అంటే మనం వేసే కొద్దీ వేరు సోమరి అవుతుంది, వేరు సోమరి అయ్యేకొద్దీ మనం ఇంకా వేస్తాం.

పోయిన నవంబరులో నాకు తెలియకుండానే ఒక పరీక్ష జరిగింది. శనగ ఎదబెడుతుంటే, గొర్రు పెట్టెలో డీఏపీ సగంలో అయిపోయింది, కొట్టులో ఇంకో కట్ట దొరకలేదు, పదును ఆరిపోతోందని ట్రాక్టర్ అబ్బాయి ఆగలేదు. గట్టు వారన ఆరు సాళ్లు విత్తనం మాత్రమే పడింది. నాకు ఒకటే టెన్షన్, పోయిందిరా అనుకున్నాను. కాయ పట్టాక అక్కడ పది మొక్కలు, డీఏపీ పడ్డచోట పది మొక్కలు పీకి అరుగు మీద కూర్చుని కాయలు లెక్కపెట్టాను. మా ఆవిడ పిచ్చి పట్టిందా అంది. తేడా ఉంది గానీ, ఈ పది మొక్కలకీ ఆ పది మొక్కలకీ ఉన్న తేడా కన్నా, ఒకే సాలులో ఈ మొక్కకీ ఆ మొక్కకీ ఉన్న తేడా ఎక్కువ. పది మొక్కలతో ఏదీ తేలదని నాకు తెలుసు. కానీ ఆ ఆరు సాళ్లు ఊదారంగుకి తిరగలేదు, గిడసబారలేదు.

అందుకని డీఏపీ మానేయండి అని నేను ఎవరికీ చెప్పను. కొత్తగా చదును చేసి మొదటిసారి సాగులోకి తెచ్చిన చెలకలో దాచిపెట్టిన భాస్వరం ఏముంటుంది, అక్కడ వేయాల్సిందే. మట్టి పరీక్షలో భాస్వరం తక్కువ అని వస్తే వేయాల్సిందే. కానీ మా ఊళ్లో భూసార కార్డులో భాస్వరం ఎదురుగా "ఎక్కువ" అని అచ్చేసి ఉన్నవాళ్లు కూడా, ఆ కార్డు దేవుడి పటం వెనక పెట్టి, పక్కచేనువాడు వేశాడని కట్ట వేస్తున్నారు. నేనూ అదే చేశాను. ఆ పరీక్ష చూపించేది వెంటనే అందే భాస్వరాన్నే, రాయై కూర్చున్నది ఆ లెక్కలోకి పూర్తిగా రాదు. అందే వాటా చూస్తేనే "ఎక్కువ" అని ఉన్నచోట శనగకి సగం తగ్గించి చూస్తే పోయేదేముంది?

నెల్లూరు వైపు మాగాణి రైతులకి ఇంకో రకం సదుపాయం ఉంది, అదీ రాయాలి మీరు. పెన్నా కింద వరికి నీళ్లు నిలగట్టగానే మట్టిలో గాలి పోతుంది, ఇనుము రూపం మారుతుంది, దానితో ముడిపడ్డ భాస్వరం విడుదలవుతుంది. వరి వేరు తన చుట్టూ కొంత ఆక్సిజన్ వదలడం వల్ల అక్కడ పులుపు పుట్టి, సున్నంతో ముడిపడ్డదీ కొంత కరుగుతుంది. అందుకే నీళ్లు నిలిచిన వరి, అదే మట్టిలో వేసిన మెట్ట పంట అంత డీఏపీ అడగదు. కానీ దమ్ములో కట్ట మీద కట్ట వేస్తూనే ఉన్నారు, భాస్వరం ఎక్కువై జింకు అందక ఆకు తుప్పు రంగుకి తిరిగితే, మళ్లీ కొట్టుకెళ్లి జింక్ సల్ఫేట్ తెచ్చుకుంటున్నారు. డబ్బు రెండుసార్లు.

రాతి పొడి పూర్తిగా పనికిరాదా అంటే, అదీ కాదు. పులుపు నేలల్లో, తేయాకు, కాఫీ, రబ్బరు తోటల్లో దాన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు, అక్కడ నేలే ఫ్యాక్టరీ. మనలాంటి చోట పెంట దిబ్బలో పొరలు పొరలుగా చల్లి పేడతో, చెత్తతో కలిపి మగ్గబెడితే, మగ్గేటప్పుడు పుట్టే ఆమ్లాలకి కొంత విడుతుంది. మిగిలిన బస్తా నేను అలాగే వాడాను, ఆ ఎరువు కూరగాయల మడికి పోయింది, బాగానే ఉంది. భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా పొడులు కూడా అమ్ముతున్నారు. వాటిలో విషయం ఉంది, ఆ సూక్ష్మజీవులు ఆమ్లాలు వదిలే మాట నిజం. కానీ అది ప్రాణమున్న సరుకు, ఒంగోలు ఎండల్లో మే నెలంతా రేకుల షెడ్డులో పడి ఉన్న ప్యాకెట్‌లో ఏం మిగిలి ఉంటుందో కొనేముందు తయారీ తేదీ చూసి ఆలోచించుకోండి.

ఎడిటర్ గారూ, మీ పేజీ చదివి పొలంలో దిగే వాళ్లున్నారు. కాబట్టి ఆ వ్యాసానికి ఒక సవరణ వేయండి. సున్నపు రేగడిలో రాతి పొడి చల్లొద్దని, నిమ్మకాయ పిండి చూసుకోమని, ఎర్రమెట్టలో కందిని వదలొద్దని నాలుగు ముక్కలు చాలు. శనగ అదును వచ్చేలోపు వేస్తే మంచిది, తర్వాత వేసినా చదివేవాడికి ఉపయోగం ఉండదు. రైతు సేవా కేంద్రాల్లో కూర్చున్న వ్యవసాయ సహాయకులు భూసార కార్డు చూసి, ఈ పొలానికి కట్ట, ఈ పొలానికి అరకట్ట అని చెబితే కొట్టు ముందు బారు కూడా కాస్త పొట్టిదవుతుందేమో.

నేను మాత్రం ఈ నవంబరులో కావాలనే ఎకరం వదులుతున్నాను, గట్టు వారన కాకుండా నడి చేలో, సగం డీఏపీతో, సగం వట్టి విత్తనంతో. ఈసారి కాయలు లెక్కపెట్టను, వేరువేరుగా నూర్చి కాటా వేస్తాను. ఎంత వచ్చిందో మార్చిలో రాస్తాను, తగ్గితే తగ్గిందనే రాస్తాను.

ఇట్లు,
ఒక శనగ రైతు,
నాగులుప్పలపాడు మండలం, ప్రకాశం జిల్లా